కారు కంటే ముందు కారు ఖర్చు

మొదటి కారు కొనేవాళ్లలో ఎక్కువమంది లెక్కలు షోరూమ్‌లో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది ఇంట్లో. జీతాలు పడి, అద్దె, స్కూలు ఫీజు, చీటీ, కిరాణా అన్నీ పోయాక పదో తారీఖున చేతిలో ఎంత మిగులుతుందో చూసుకుని మొదలుపెట్టాలి. ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే: కారు కొనడానికి ఆరు నెలల ముందే కారు ఖర్చు కట్టడం మొదలుపెట్టండి. ఆరు నెలలూ కట్టగలిగితే నిశ్చింతగా కొనండి. మధ్యలో ఆగిపోతే, అప్పు మెడకు పడకముందే ఆ సంగతి తెలిసిందన్నమాట.

ఎలా కట్టాలో చెప్పే ముందు అసలు ఎంత కట్టాలో తేలాలి. హోర్డింగు మీద కనిపించేది ఎక్స్‌షోరూమ్ ధర. మన జేబులోంచి పోయేది ఆన్‌రోడ్ ధర. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్ల మీద 28 శాతం జీఎస్టీ, పైన సెస్సు పోయి 18 శాతం పన్నే మిగిలింది. చిన్న కారు కొనేవాళ్లకు అది పెద్ద ఊరటే. కానీ రాష్ట్రానికి కట్టే లైఫ్ ట్యాక్సు వేరే ఉంటుంది. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ 5 లక్షల లోపు కారుకు 13 శాతం, 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే 14 శాతం. దానికి ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను ఫీజు, నంబరు ప్లేటు, ఫాస్టాగ్ కలుస్తాయి. 6 లక్షల బండి అనుకుని వెళ్తే, గేటు దాటేసరికి 7 లక్షల పైమాటే.

ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. ఒంగోలులో ఒక కుటుంబం అనుకోండి. ఆయన అకౌంటెంటు, 38 వేలు. ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, 24 వేలు. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు. వాళ్లు చూసిన కారు ఎక్స్‌షోరూమ్ ధర 5 లక్షల 20 వేలు. లైఫ్ ట్యాక్సు 72,800. ఇన్సూరెన్సు 28 వేలు వేద్దాం. మిగతా ఖర్చులన్నీ కలిపి 4 వేలు. మొత్తం 6 లక్షల 25 వేల దగ్గర తేలుతుంది. చేతిలో ఉన్న 2 లక్షల 25 వేలు డౌన్ పేమెంటు కట్టి, 4 లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోను తీసుకుంటే ఈఎంఐ 8,300.

ఇంట్లో అందరి చెవిన పడేది ఆ 8,300 ఒక్కటే. కానీ కొన్నంత తేలిక కాదు మేపడం. నెలకు 700 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 17 చొప్పున, పెట్రోలు 108 రూపాయలు అనుకుంటే 4,450. వచ్చే ఏడాది కట్టాల్సిన ఇన్సూరెన్సుకు నెలకు వెయ్యి పక్కన పెట్టాలి. సర్వీసుకు 500. నాలుగేళ్లకో ఐదేళ్లకో మార్చాల్సిన టైర్లకు, బ్యాటరీకి ఇంకో 500. టోలు, పార్కింగు, వాటర్ సర్వీసింగు కలిపి 700. కూడితే 15,450. ఈఎంఐకి దాదాపు రెట్టింపు. 62 వేల ఆదాయంలో నాలుగో వంతు. కారు కొన్న ఏడాదికే ఇంట్లో చికాకులు మొదలయ్యే కుటుంబాలన్నీ ఈ రెండు అంకెల మధ్య తేడా దగ్గరే జారిపడతాయి.

అందుకని ఆ 15,450 కాగితం మీద రాసుకుని, ఈ నెల నుంచే వేరే ఖాతాలో వేయడం మొదలుపెట్టండి. కారు వస్తే ఆటోలకూ, బస్సులకూ, బైకు పెట్రోలుకూ ఎంత తగ్గుతుందనుకుంటున్నారో అంత అందులోంచి తీసేయండి. అంతకు మించి తీయకండి. జీతం పడ్డ రోజే వేయాలి, నెలాఖరున మిగిలింది కాదు. ఆరు నెలల్లో ఒక పండగ వస్తుంది, ఒక పెళ్లి వస్తుంది, ఎవరికో ఒకరికి జ్వరం వస్తుంది. వాటన్నిటినీ తట్టుకుని కూడా ఆ మొత్తం పడిందంటే మీ ఇల్లు కారును మోయగలదని తేలినట్టే. పైగా ఏమీ తీసేయకుండా పూర్తిగా వేస్తే ఆ ఖాతాలో 92,700 చేరతాయి. దాన్ని డౌన్ పేమెంటులో కలిపి లోను 3 లక్షల 7 వేలకు దించుకుంటే ఈఎంఐ 6,400 లోపే అవుతుంది. మూడో నెలలో చేతులెత్తేయాల్సి వస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు. అంకె తగ్గించి, అంతకు తగ్గ బండి చూసుకోవాలి. లేదా ఇంకో ఏడాది ఆగాలి.

డౌన్ పేమెంటు గురించి ఒక హెచ్చరిక. చీటీ ముందే పాడుకుని ఆ డబ్బుతో డౌన్ పేమెంటు కట్టడం మన దగ్గర బాగా అలవాటు. పాడుకున్న చీటీకి మిగిలిన వాయిదాలు కట్టక తప్పదు కదా, అది రెండో ఈఎంఐ. బంగారం కుదువ పెట్టినా అంతే. ఆ వాయిదా, ఆ వడ్డీ నెల లెక్కలో రాసుకోకపోతే ఎవరినో కాదు, మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

లోను కాలం పెంచితే ఈఎంఐ తగ్గుతుందని షోరూమ్‌లో చెప్తారు. నిజమే. అదే 4 లక్షలకు ఏడేళ్లు పెడితే ఈఎంఐ 6,440కి దిగుతుంది. కానీ ఐదేళ్లలో వడ్డీ 98 వేలు కట్టేవాళ్లు ఏడేళ్లలో లక్షా 40 వేలు కడతారు. పైగా ఆరో ఏడాదికి కారు రిపేర్లు అడగడం మొదలుపెడుతుంది. ఒకే నెలలో మెకానిక్కుకూ బ్యాంకుకూ ఇవ్వాలి. నా సలహా ఐదేళ్లు దాటొద్దని. ఐదేళ్ల ఈఎంఐ మోయలేకపోతున్నామంటే ఆ కారు మన స్థాయికి ఎక్కువన్నమాట. లోను కాగితం మీద సంతకం పెట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి: వడ్డీ ఫిక్స్‌డా, ఫ్లోటింగా? మధ్యలో డబ్బు చేతికొస్తే ముందే కట్టేయడానికి చార్జీ ఉందా? జవాబు నోటితో కాదు, కాగితం మీద చూపించమనండి.

ఇప్పుడు ఏ కారు అన్న మాటకు వద్దాం. హ్యాచ్‌బ్యాకుల్లో తక్కువ బడ్జెట్ వాళ్ల ముందున్నవి మరీ ఎక్కువేం లేవు: ఆల్టో కె10, ఎస్‌ప్రెసో, క్విడ్, సెలెరియో, వ్యాగనార్, టియాగో, ఇంకాస్త పెట్టగలిగితే స్విఫ్ట్, గ్రాండ్ ఐ10 నియోస్. వీటిలో ఏది గొప్ప అని అడిగితే నేను జవాబు చెప్పను, మీ ఇంట్లో ఎవరెవరున్నారని అడుగుతాను. ఒంగోలు అత్తగారి సంగతే తీసుకోండి. ఆల్టో ఎత్తు 1,520 మిల్లీమీటర్లు, వ్యాగనార్ ఎత్తు 1,675. కాగితం మీద ఇది చిన్న తేడా. ఆవిడ ఎక్కేటప్పుడు చూస్తే ఆ తేడా ఏమిటో అర్థమవుతుంది. కిందికున్న సీటులోకి దిగాలంటే ముందు వెనక్కి తిరగాలి, ఒక చేత్తో డోరు పట్టుకోవాలి, మోకాలు మడిచి బరువంతా ఒక్కసారిగా వదిలేయాలి. మళ్లీ లేవాలంటే ఇంకొకరు చెయ్యి అందించాలి. ఎత్తుగా ఉన్న సీటైతే కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటే సరిపోతుంది. ఆమె తనంతట తాను ఎక్కి దిగగలిగితేనే గుడికి వస్తానంటుంది, లేకపోతే ఏదో వంక పెట్టి ఇంట్లోనే ఉండిపోతుంది.

సామాను సంగతీ అంతే. వ్యాగనార్ డిక్కీ 341 లీటర్లు, క్విడ్‌ది 279, టియాగోది 242, ఆల్టోది 214. సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చేటప్పుడు బియ్యం మూట, పచ్చడి జాడీ, రెండు సూట్‌కేసులు పట్టాలా, లేక రోజూ ఆఫీసు బ్యాగు పెట్టుకుంటే చాలా? ఇద్దరే ఉండి, ఊళ్లోనే తిరిగే వాళ్లకు ఆల్టో చాలు. ఎవరో నవ్వుతారని పెద్దది కొనక్కర్లేదు.

భద్రత దగ్గర మాత్రం బేరం వద్దు. 2025లో ఆల్టో కె10, సెలెరియో, వ్యాగనార్ మోడళ్లలో కింది వేరియంటుకు కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు. టియాగోకు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో పెద్దల రక్షణకు నాలుగు స్టార్లు వచ్చాయి. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష ఉంది. మీరు చూస్తున్న కారుకు ఎన్ని స్టార్లు వచ్చాయో, ఆ పరీక్ష ఇప్పుడు అమ్ముతున్న మోడలు మీదే జరిగిందో కాదో అడిగి తెలుసుకోండి. అయితే ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా బెల్టు పెట్టుకోకపోతే అవి చేసే మేలు తక్కువ. మన ఇళ్లలో పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునే అలవాటు ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఎయిర్‌బ్యాగు తెరుచుకునే వేగానికి ఆ బిడ్డ తట్టుకోలేదు. పిల్లలు వెనక, వాళ్ల సీట్లో, బెల్టుతో. నానమ్మ అయినా, అమ్మమ్మ అయినా వెనక సీట్లో బెల్టు పెట్టుకోవాల్సిందే.

వేరియంట్ల దగ్గర గట్టిగా నిలబడాలి. సేల్స్ కుర్రాడి మాట తీరు ఇలా ఉంటుంది: “సార్, ఇంకో 40 వేలు పెడితే పై వేరియంట్ వచ్చేస్తుంది. ఈఎంఐలో తేడా ఎనిమిది వందలే సార్, అంతే.” అతని లెక్క తప్పు కాదు, ఐదేళ్లకు 9 శాతం మీద 40 వేలకు అంతే పడుతుంది. కానీ ఆ మెట్టు ఎక్కాక ఇంకో మెట్టు, అది ఎక్కాక ఇంకో మెట్టు చూపిస్తారు. నా సూత్రం ఇది: బయట బిగించుకోలేనివాటికి మాత్రమే ఎక్కువ డబ్బు పెట్టండి. ఎయిర్‌బ్యాగులు, ఇంజను, వెనక అద్దానికి వైపరు, డీఫాగరు, ఎత్తు సరిచేసుకునే సీటు లాంటివి తర్వాత కుదరవు. సీటు కవర్లు, మ్యాట్లు, స్పీకర్లు, అల్లాయ్ వీల్స్ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, అసలు పెట్టుకోకపోయినా నష్టం లేదు. చాలా మోడళ్లలో అన్నిటికన్నా కింది వేరియంటు కంటే ఒక మెట్టు పైనున్నది సంసారానికి సరిపోతుంది. బయట ఏదైనా బిగించుకుంటే మాత్రం వైర్లు కోయనివ్వకండి. వైరింగు కోసిన చోట సమస్య వస్తే వారంటీ ఇవ్వమంటారు.

సీఎన్‌జీ కావాలా అని చాలామంది అడుగుతారు. పెట్రోలు కారు కంటే దాదాపు 90 వేలు ఎక్కువ. కిలోమీటరుకు 2 రూపాయలు మిగిలినా, ఆ 90 వేలు వెనక్కి రావాలంటే 45 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు 700 తిరిగేవాళ్లకు అది ఐదేళ్ల పైమాట. రోజూ నలభై యాభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకు, దారిలో బంకు ఉన్నవాళ్లకు మంచిదే. మిగతావాళ్లు డిక్కీ పోగొట్టుకుని, బంకు దగ్గర క్యూలో నిలబడటం దేనికి?

టెస్ట్ డ్రైవ్ అంటే షోరూమ్ చుట్టూ ఒక రౌండు కాదు. ఇంటికి రమ్మనండి. అందరినీ ఎక్కించి, ఏసీ వేసి, మీ వీధిలోంచి, మీ స్పీడ్ బ్రేకర్ల మీదుగా, ఒక ఫ్లైఓవర్ ఎక్కించండి. చిన్న ఇంజను ఐదుగురితో, ఏసీతో ఎక్కేటప్పుడు ఎంత ఆయాసపడుతుందో అక్కడ తెలుస్తుంది. మీ గేటులో పడుతుందో లేదో, పక్కింటివాళ్ల బైకు తీయమని రోజూ పిలవాల్సి వస్తుందో లేదో అప్పుడే చూసుకోండి. మీకు బైకు లైసెన్సు మాత్రమే ఉంటే, ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాక 30 రోజులు గడిచాకే డ్రైవింగ్ టెస్టుకు వెళ్లగలరు. ఆ ఆరు నెలల్లోనే ఆ పని, డ్రైవింగ్ స్కూలూ ముగించేయండి.

ఎప్పుడు కొనాలన్నదీ డబ్బే. దసరాకీ, ధనత్రయోదశికీ అందరూ వస్తారు, బేరం నడవదు. ఆషాఢంలో, మూఢాల్లో షోరూములు ఖాళీగా ఉంటాయి. ఆషాఢంలో కూర్చుని ధర తేల్చుకుని, బుకింగ్ చేసి, శ్రావణంలో మంచిరోజు చూసుకుని డెలివరీ తీసుకోవచ్చు. పూజకు పూజా అవుతుంది, డిస్కౌంటుకు డిస్కౌంటూ దక్కుతుంది. ఆఫరు డెలివరీ దాకా నిలుస్తుందని మాత్రం రాసి ఇమ్మనండి. డిసెంబరులోనూ తగ్గిస్తారు. ఆ ఏడాది తయారైన బండికి జనవరి వస్తే వయసు ఒక ఏడాది పెరిగినట్టే, అమ్మేటప్పుడు ధర తగ్గుతుంది. పదేళ్లు ఉంచుకునేవాళ్లకు అది పెద్ద నష్టం కాదు, కాకపోతే ఆ తేడాకు తగ్గ డిస్కౌంటు రాబట్టాలి.

కొటేషన్ కాగితాన్ని వరస వరసా చదవండి. హ్యాండ్లింగ్ చార్జీలు అని ఉంటే ఏ పనికి అని అడగండి, తీసేయమనండి. యాక్సెసరీస్ కిట్ తప్పనిసరి అంటే ఒప్పుకోకండి. ఇన్సూరెన్సు షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నియమం లేదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ మూడేళ్లకు ఒకేసారి కట్టాలి. 2022 జూన్ రేట్ల ప్రకారం ఆ మూడేళ్ల మొత్తం 1000 సీసీ లోపు కార్లకు 6,521, ఆపైన 1500 సీసీ వరకు 10,640, జీఎస్టీ వేరు. అది ఏ కంపెనీలోనైనా ఒకటే. తేడా అంతా సొంత బండి డ్యామేజీ కవరు, యాడాన్ల దగ్గరే వస్తుంది. అందుకే అదే ఐడీవీ (బండికి పాలసీలో రాసిన విలువ), అవే యాడాన్లతో బయట ఇంకో రెండు కొటేషన్లు తెచ్చుకుని టేబులు మీద పెట్టండి. మొదటి కారు కాబట్టి గీతలు, సొట్టలు తప్పవు. జీరో డిప్రిసియేషన్ యాడాన్ తీసుకోండి. అది లేకపోతే బంపరు లాంటి ప్లాస్టిక్ భాగాలకు సగం డబ్బు మనమే పెట్టుకోవాలి.

ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడాన్ గురించి కాస్త ఆగి చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ ఇళ్ల ముందు, సెల్లార్లలో పెట్టిన కార్లు మునిగిపోయాయి. నీళ్లు తగ్గాక మనిషికి మొదట కలిగే ఆత్రం ఒకసారి స్టార్ట్ చేసి చూద్దామని. ఆ ఒక్క తాళం తిప్పుడే కొంప ముంచుతుంది. గాలి వెళ్లే దారిలోంచి నీళ్లు సిలిండర్లోకి చేరి ఉంటాయి. పిస్టను పైకి వచ్చినప్పుడు గాలి నొక్కుకుంటుంది గానీ నీళ్లు నొక్కుకోవు. కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేసినందువల్ల ఇంజను పోయిందని తేలితే మామూలు పాలసీలో ఆ ఖర్చు రాదు. చెరువుల పక్కన, పల్లపు కాలనీల్లో ఉండేవాళ్లు ఈ యాడాన్ తప్పకుండా తీసుకోండి. ఉన్నా సరే, మునిగిన బండికి తాళం పెట్టకండి. కుదిరితే బ్యాటరీ వైరు తీసేసి, ఇన్సూరెన్సు వాళ్లకు ఫోను చేసి, క్రేను మీద పంపండి.

మొత్తం డబ్బు కట్టకముందు, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషను) పడకముందు, మీకు ఇవ్వబోయే బండినే పగటి వెలుతురులో చూపించమనండి. రాత్రి లైట్ల కింద పెయింటు తేడా కనిపించదు. టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 3625 అని ఉంటే 2025లో 36వ వారం తయారైందని. ఐదు టైర్లూ, స్టెపినీతో సహా, దగ్గర దగ్గర తేదీలవి కావాలి. ఒక్కటి మాత్రం వేరే ఏడాదిదైతే ఎందుకని అడగండి. డోర్ల సందులు రెండు వైపులా ఒకేలా ఉన్నాయా, బానెట్ బోల్టుల మీద స్పానరు పెట్టిన గుర్తులున్నాయా, మీటరులో ఎన్ని కిలోమీటర్లున్నాయి, జాకీ ఉందా చూడండి. ఛాసిస్ నంబరు ఫోటో తీసుకుని ఇన్వాయిస్‌తో అంకె అంకె పోల్చండి. తయారైన నెల, ఏడాది ఫారం 21లో ఉంటాయి. నిమ్మకాయలు తొక్కించేది ఆ తర్వాతే.

ఇంటికొచ్చాక మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజనును దబాయించకండి, ఒకే వేగంతో గంటల తరబడి తోలకండి. ఫ్రీ సర్వీసు అంటే కూలి ఫ్రీ. ఆయిలు, ఫిల్టరు మార్చినప్పుడు వాటి డబ్బు మనదే. బండితో ఇచ్చే మాన్యువల్లో ఎన్ని కిలోమీటర్లకు ఏది మార్చాలో పట్టిక ఉంటుంది. దాన్ని ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి. సర్వీసు అడ్వైజరు ఇంజను క్లీనింగు, ఏసీ ట్రీట్‌మెంటు, టెఫ్లాన్ కోటింగు అని ఒక్కొక్కటే చెప్తుంటే, “ఇది పట్టికలో ఉందా అండీ?” అని మర్యాదగా అడగండి. లేనిదాన్ని జాబ్ కార్డులో రాయనివ్వకండి. ఉన్నదాన్ని మాత్రం ఒక్కటి కూడా వాయిదా వేయకండి, వారంటీ నిలిచేది ఆ రికార్డు మీదే. పదిహేను రోజులకోసారి టైర్లలో గాలి చూసుకోండి. గాలి తగ్గితే మైలేజీ పడిపోతుంది, టైరు అంచులు త్వరగా అరుగుతాయి. ఒంగోలు కుటుంబంలా హైవే పక్కన ఉండి తరచూ విజయవాడో, నెల్లూరో వెళ్లేవాళ్లు 2025 ఆగస్టులో 3,000 రూపాయల ధరతో మొదలైన ఏడాది ఫాస్టాగ్ పాసు లెక్క వేసుకోవచ్చు. జాతీయ రహదారుల టోలు ప్లాజాల్లో 200 ట్రిప్పుల వరకు చెల్లుతుంది.

చిన్న గీతలకు క్లెయిము చేయకండి. క్లెయిము లేని ఏడాదికి నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై, ఐదేళ్లు వరసగా నిలిస్తే 50 శాతానికి చేరుతుంది. రెండు వేల పనికి క్లెయిము పెడితే, వచ్చే ఏడాది ప్రీమియంలో అంతకంటే ఎక్కువ పోవచ్చు.

ఆరు నెలలు డబ్బు వేసిన ఆ ఖాతాను కారు వచ్చాక కూడా మూసేయకండి. ఈఎంఐ పోను ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్ల వాటా అందులోనే నెల నెలా పడుతుండాలి. లోను తీరిన రోజున బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని వెంటనే ఆర్టీఏలో ఆర్‌సీ మీద హైపోథికేషన్ తీయించండి. ఇన్సూరెన్సు పాలసీలో కూడా బ్యాంకు పేరు ఉంటుంది; అక్కడా తీయించండి, లేకపోతే పెద్ద క్లెయిము వచ్చినప్పుడు చెక్కు వాళ్ల పేరు మీద వెళ్లే ప్రమాదం ఉంది.